మధుమేహం – చిగుళ్ల వ్యాధి: బేగంబజార్ పరిసరాల్లో రోగుల అవగాహన

మధుమేహం చిగుళ్ల వ్యాధిని పెంచుతుంది. ముదిరిన చిగుళ్ల వ్యాధి రక్తంలో చక్కెరను పెంచుతుంది. రెండు వైపులా నడిచే ఈ సంబంధం గురించి రోగికి తెలిసిందెంత, తెలియనిదెంత, తెలిసినదాంట్లో ఆచరణకు వచ్చేదెంత అన్నది ప్రజారోగ్య దంతవైద్యంలో ఒక అధ్యయనాంశం. హైదరాబాద్‌లో దీన్ని పరిశీలించడానికి బేగంబజార్–అఫ్జల్‌గంజ్ ప్రాంతం అనువైన చోటు. షుగరుకు మందులిచ్చే ఉస్మానియా జనరల్ ఆసుపత్రి, చిగుళ్లకు వైద్యం చేసే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఇక్కడ ఇరుగుపొరుగున ఉన్నాయి. రెండింటికీ నడిచి వెళ్లగలిగే రోగికి, ఒకచోట చెప్పుకున్న జబ్బు సంగతి రెండోచోట కూడా చెప్పాలని తోచదు. ఈ అంశంలో అసలు చిక్కు అదే.

నిర్వచనాలు

పరగడుపున రక్తంలో గ్లూకోజు 126 మిల్లీగ్రాములు, లేదా గ్లూకోజు తాగించిన రెండు గంటలకు 200 మిల్లీగ్రాములు, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, అంతకు మించి ఉంటే మధుమేహంగా నిర్ధారిస్తారు. గ్లూకోజు లెక్క డెసిలీటరు రక్తానికి. హెచ్‌బీఏ1సీని రోగులు ‘మూడు నెలల షుగర్’ అంటారు. ఎర్ర రక్తకణం ఆయువు సుమారు 120 రోజులు కాబట్టి, ఆ కణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెర గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది. 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ.

చిగుళ్ల వ్యాధికి రెండు మెట్లున్నాయి. పంటి మీద పేరుకున్న పాచిలోని సూక్ష్మజీవుల వల్ల చిగురు ఎర్రబడి, వాచి, తోముకునేటప్పుడు రక్తం కారడం మొదటి మెట్టు. దీన్ని జింజివైటిస్ అంటారు. పాచిని శుభ్రం చేస్తే చిగురు పూర్తిగా మామూలు స్థితికి వస్తుంది. వాపు లోతుకు దిగి, పంటిని ఎముకకు కట్టి ఉంచే నారపోగులనూ, ఆ ఎముకనూ తినేయడం రెండో మెట్టు. ఇది పెరియోడాంటైటిస్. వెనకటి తరంవారు పయోరియా అని వ్యవహరించినది ఎక్కువగా దీన్నే. ఇందులో పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు. వ్యాధిని ఉన్నచోట ఆపడమే చికిత్స లక్ష్యం. పాచి గట్టిపడితే గార అవుతుంది. గారను బ్రష్షుతో తీయలేరు.

ప్రాంతం, వైద్య సంస్థలు

బేగంబజార్ రెండో నిజాం అలీ ఖాన్ కాలంలో ఏర్పడిన టోకు మార్కెట్. ఆయన భార్య హుమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిన స్థలంలో వెలిసిందని, పేరు అలా వచ్చిందని చెబుతారు. మూసీకి ఉత్తర గట్టున ఉండటంతో పాత కోట గోడలకు వెలుపలిదే అయినా వాడుకలో పాతబస్తీ కిందే లెక్క. ఎండు ఫలాలు, మసాలా దినుసులు, చక్కెర, స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్లు, చేపల మార్కెట్ ఇక్కడి జీవనాధారాలు. మార్వాడీ, గుజరాతీ వర్తక కుటుంబాలు, తెలుగు, ఉర్దూ మాట్లాడే గుమాస్తాలు, హమాలీలు, బండివాళ్లు ఒకే సందులో పని చేస్తారు. షుగర్ గురించిన మాట ఇక్కడ కనీసం మూడు భాషల్లో నడుస్తుంది. చిగుళ్లు ఉర్దూలో ‘మసూడే’ అవుతాయి. ఒక్క భాషలో అచ్చేసిన కరపత్రం ఈ వీధుల్లో సగం మందికి చేరదు.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1866లో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా హయాంలో మొదలైంది. 1908 మూసీ వరదలో దెబ్బతిన్నాక ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో నదీతీరాన ఇప్పుడున్న ఉస్మానియా భవనం లేచింది. ప్రభుత్వ దంత వైద్య కళాశాల 1959లో ఉస్మానియా వైద్య కళాశాల దంత విభాగంగా పుట్టింది. చిగుళ్ల వైద్యం అక్కడ ప్రత్యేక విభాగం. ఆ విభాగంలో పీజీ విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో రోగులను చూస్తారు. ప్రైవేటు క్లినిక్కులో గార తీయించుకునే స్తోమత లేని కుటుంబాలకు నగరంలో ఇది ముఖ్యమైన ఆసరా. 2025 జనవరి 31న ఉస్మానియా ఆసుపత్రి కొత్త ప్రాంగణానికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. అది కూడా బేగంబజార్‌కు ఆనుకుని ఉన్న ప్రాంతమే.

చరిత్ర

సుశ్రుత సంహిత మధుమేహాన్ని వర్ణించింది. నోటి వ్యాధులను 65గా లెక్కించి, వాటిలో 15 దంతమూలాలకు చెందినవని చెప్పింది. ఊరికే రక్తం కారే చిగుళ్ల స్థితిని అందులో ‘శీతాదం’ అన్నారు. ఆధునిక వైద్యంలో చిగుళ్ల వాపుకు పాచే కారణమని ప్రయోగపూర్వకంగా తేల్చింది డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో 1965లో హరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం చేసిన అధ్యయనం. ఆరోగ్యవంతులైన యువకులు పళ్లు తోముకోవడం మానేయగా 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గాయి.

మధుమేహంతో ముడిని గట్టిగా నిలబెట్టినవి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పీమా తెగవారిపై ఏళ్ల తరబడి జరిగిన పరిశీలనలు. ఆ తెగలో టైప్ 2 మధుమేహం అసాధారణంగా ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల వ్యాధి ముప్పు దాదాపు మూడింతలని అక్కడ తేలింది. తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో తరవాతి ఏళ్లలో షుగర్ అదుపు తప్పడం ఎక్కువని 1996లో, వారిలో గుండె, కిడ్నీ మరణాలు సుమారు మూడింతలని 2005లో ప్రచురించారు. ఈ మధ్యలో, 1993లో హరాల్డ్ లో చిగుళ్ల వ్యాధిని మధుమేహపు ఆరో ఉపద్రవమని పేర్కొన్నాడు. కన్ను, కిడ్నీ, నరం, పెద్ద రక్తనాళాలు, మానని పుండు అనే ఐదింటి పక్కన చిగురు చేరింది. ఆ మాట దంతవైద్య పాఠ్యపుస్తకాల్లో స్థిరపడి ముప్పై ఏళ్లు దాటింది. రోగుల మాటల్లోకి మాత్రం ఇంకా రాలేదు.

ఈ చరిత్రలో ఒక తెలుగు పాయ కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలోనే, 1948లో, మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ వెలువడింది. అదే కుటుంబానికి చెందిన మినోసైక్లిన్, మధుమేహం ఉన్న ఎలుకల చిగుళ్లలో నారపోగులను తినే కొల్లాజినేజ్ ఎంజైమును అణచివేస్తుందని 1983లో లోర్న్ గోలబ్ బృందం గమనించింది. సూక్ష్మజీవులను చంపే శక్తికి ఇది వేరు. ఆ దారిలోనే 20 మిల్లీగ్రాముల డాక్సిసైక్లిన్ చిగుళ్ల వ్యాధికి సహాయక మందుగా 1998లో అమెరికాలో అనుమతి పొందింది.

సంబంధం పనిచేసే తీరు

మధుమేహం నుంచి చిగురు వైపు: రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే అది ప్రొటీన్లకు అంటుకుని ఏజీఈలు అనే పదార్థాలుగా మారుతుంది. ఇవి చిగుళ్ల కణజాలంలో పేరుకుని, తమ గ్రాహకాలకు తగులుకుని, వాపును రేపే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత పదార్థాలను అవసరానికి మించి విడుదల చేయిస్తాయి. సూక్ష్మజీవులతో ముందుగా తలపడే న్యూట్రోఫిల్ కణాల పని మందగిస్తుంది. కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములు పెరుగుతాయి, కొత్త కొల్లాజెన్ తయారీ తగ్గుతుంది. సన్న రక్తనాళాల గోడలు మందమవుతాయి. నోరు ఎండిపోవడంతో లాలాజలం కడిగే పని తగ్గుతుంది. ఒకే మేర పాచి ఉన్న ఇద్దరిలో, షుగర్ అదుపులో లేనివారి చిగురు త్వరగా, ఎక్కువగా చెడటానికి కారణాలు ఇవి. షుగర్ బాగా అదుపులో ఉన్నవారికి ముప్పు మధుమేహం లేనివారి స్థాయికి దగ్గరగా ఉంటుందన్న సంగతి కూడా రోగికి చెప్పాలి. భయపెట్టడంకంటే ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

చిగురు నుంచి మధుమేహం వైపు: చిగురుకూ పంటికీ మధ్య సంచి లోతుగా ఏర్పడినచోట లోపలి పొర పుండుపడి ఉంటుంది. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనిమా డెంటికోలా వంటి సూక్ష్మజీవులు, వాటి విషపదార్థాలు, స్థానికంగా పుట్టిన వాపు సంకేతాలు అక్కడినుంచి రక్తంలోకి వెళ్తాయి. అవి శరీరంలో ఇన్సులిన్ పనితీరును అడ్డుకుంటాయి. ఫలితంగా అవే మాత్రలు వేసుకుంటున్నా షుగర్ దిగదు. చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో ఈ లోపలి పొర విస్తీర్ణాన్ని 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లుగా అంచనా కట్టారు. అంత పుండు కాలిమీద ఉంటే షుగర్ ఉన్న మనిషి ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తుతాడు. నోట్లో ఉన్నది కనబడదు, నొప్పి పెట్టదు కాబట్టి ఏళ్లు గడిచిపోతాయి.

దశలు, శ్రేణులు

2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు కలిసి రూపొందించి 2018లో ప్రచురించిన వర్గీకరణ ఇప్పుడు ప్రమాణం. ఎంత ఎముక పోయింది, ఎన్ని పళ్లు పోయాయి అన్నదాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు దశలు, వ్యాధి ఎంత వేగంగా నడుస్తోందన్నదాన్ని బట్టి ఏ, బీ, సీ శ్రేణులు. మధుమేహం ఉండి హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు ఉంటే శ్రేణి కనీసం బీ, 7 లేదా ఆపైన ఉంటే సీ. దంతవైద్యుడు రోగి షుగర్ అంకె తెలుసుకోకుండా నిర్ధారణ పూర్తి చేయలేడన్నది దీని అర్థం. రోగి తన పాత రిపోర్టు జేబులో పెట్టుకుని రావలసిన అవసరం ఇక్కడే ఉంది.

రోగులకు తెలిసినది, తెలియనిది

ఈ విషయంపై ప్రశ్నావళి అధ్యయనాలు అనేక దేశాల్లో, భారతదేశంలోని దంత కళాశాలల్లో జరిగాయి. ఐర్లండ్‌లో చేసి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం తరచుగా ఉదాహరణగా వస్తుంది. అందులోని మధుమేహ రోగుల్లో 98 శాతానికి కంటి ముప్పు, 94 శాతానికి కిడ్నీ ముప్పు, 84 శాతానికి గుండె ముప్పు తెలుసు. చిగుళ్ల ముప్పు తెలిసినవారు 33 శాతం. అంకెలు దేశానికొకలా మారవచ్చు గానీ, అధ్యయనాల్లో ఈ వరస పదేపదే కనిపిస్తుంది: కాలు, కన్ను, కిడ్నీ ముందు, చిగురు చివర.

అవగాహన ఉన్నచోట కూడా అది సగమే. ‘షుగర్ ఉంటే నోట్లో పుండు త్వరగా మానదు’, ‘పన్ను పీకితే రక్తం ఆగదు’ వంటి మాటలు జనానికి తెలుసు. మొదటిదాంట్లో నిజం ఉంది. రెండోదానికి షుగర్ కారణం కాదు, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వేసుకునేవారి విషయాన్ని ఇందులో కలిపేస్తారు. రెండో దిక్కు, అంటే చిగురు బాగుచేసుకుంటే షుగర్ కొంత దిగవచ్చన్నది, చాలామంది ఎన్నడూ వినని మాట. షుగర్ డాక్టరు నోరు చూడకపోవడం, పళ్ల డాక్టరు షుగర్ చీటీ అడగకపోవడం దీనికి రోగి వైపు కారణాలకంటే పెద్ద కారణాలు. రోగికి తెలియలేదని రోగినే తప్పుపట్టడం ఈ విషయంలో న్యాయం కాదు.

నొప్పి లేకపోవడం మరో ముఖ్య కారణం. పుచ్చిపన్ను రాత్రంతా నిద్ర పట్టనివ్వదు, మరునాడు మనిషిని ఆసుపత్రికి లాక్కెళ్తుంది. చిగుళ్ల వ్యాధి అలా చేయదు. బ్రష్షు మీద ఎరుపు కనిపిస్తే బ్రష్షు గట్టిదనుకుంటారు. పళ్లకు సందులు పడితే, చిగురు కిందికి దిగి పన్ను పొడవుగా కనిపిస్తే వయసు అనుకుంటారు. నోటి వాసనకు సోంపు నములుతారు. పన్ను కదిలినప్పుడు వస్తారు, అప్పటికి ఎముక చాలావరకు పోయి ఉంటుంది.

ఆచరణకు అడ్డుపడే నమ్మకాల్లో బలమైనది, గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్నది. దీనికి కంటికి కనిపించే ఆధారం ఉన్నట్టు తోస్తుంది. ఏళ్ల నాటి గార పళ్ల సందుల్లో గోడలా పట్టుకుని ఉంటుంది. తీసేసిన రోజు సందులు బయటపడతాయి, వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది, పళ్లకు చల్లటి నీళ్లు జివ్వుమంటాయి. ఎముక ముందే పోయిన పన్ను అప్పుడు కదులుతున్నట్టు తెలుస్తుంది. తీయించుకున్నందువల్లే అయిందని ఇంటికెళ్లి చెబుతారు, వీధిలో పదిమంది నమ్ముతారు. చేసే ముందే ‘ఇలా ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది’ అని చెప్పిన చోట ఈ అపోహ పుట్టదు. పౌడరు, బొగ్గు, ఉప్పుతో గట్టిగా రుద్దడం, షుగర్ ఉంటే పంటివైద్యమే చేయించుకోకూడదనుకోవడం ఇదే వరసలోవి. షుగర్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు అత్యవసరం కాని శస్త్రచికిత్స వాయిదా వేస్తారు. ఆ వాయిదాను రోగి శాశ్వత నిషేధంగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

పొగాకు, పుల్ల, పని వేళలు

జర్దా, ఖైనీ, బీడీ, సిగరెట్ ఈ రెండు జబ్బుల్ని మూడో వైపునుంచి కలుపుతాయి. పొగతాగేవారిలో చిగుళ్ల రక్తనాళాలు స్పందించే తీరు మారి రక్తం తక్కువగా కారుతుంది. రక్తం రావట్లేదు కాబట్టి చిగుళ్లు బాగున్నాయని వారు అనుకుంటారు. లోపల ఎముక మాత్రం పోతూనే ఉంటుంది. కాబట్టి ‘రక్తం వస్తుందా?’ అన్న ఒక్క ప్రశ్న పొగతాగేవారికి చాలదు. పన్ను కదలిక, సందులు, చీము గురించి కూడా అడగాలి.

వేపపుల్ల, పాతబస్తీ మసీదుల దగ్గర అమ్మే మిస్వాక్ మెత్తగా నమిలి వాడితే పాచిని కొంతవరకు తీస్తాయి. పళ్ల మధ్య సందుల్లోకి అవి చేరవు, వెనక దవడ పళ్ల లోపలి వైపు చేరడం కష్టం. చిగుళ్ల వ్యాధి మొదలయ్యేది ఎక్కువగా ఆ సందుల్లోనే. పుల్ల మానమనేకంటే, పుల్లతోపాటు రాత్రి పడుకోబోయే ముందు మెత్తటి బ్రష్షు, సందులకు చిన్న బ్రష్షు వాడమని చెప్పడం పనికొచ్చే సలహా.

బజారులో కొట్లు పొద్దు పొడిచాక తెరిచి రాత్రిదాకా నడుస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ చీటీలు ఇచ్చేది ఉదయం పూట. రోజుకూలీ మీద బతికే హమాలీకి ఒక ఉదయం ఆసుపత్రిలో గడపడమంటే ఆ రోజు కూలి పోయినట్టే. చిగుళ్ల చికిత్స ఒక్కసారితో ముగియదు. షుగర్ చీటీ ఒక రోజు, పంటి చీటీ మరో రోజు అయితే అతను రెండోదాన్ని వదులుకుంటాడు. మధ్యాహ్నం అన్నం వేళ తప్పడం, గంటకోసారి తీపి చాయ్, బిస్కట్ కూడా రెండు జబ్బులకూ దోహదం చేస్తాయి. అవగాహన గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టడానికి లేదు.

పరీక్ష

చిగుళ్ల పరీక్షకు వాడే ప్రధాన పరికరం ప్రోబ్. సన్నటి లోహపు కడ్డీ, దానిమీద మిల్లీమీటర్ల గీతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనా ప్రోబ్‌కు కొసన అర మిల్లీమీటరు గుండు, 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య నల్లటి పట్టీ ఉంటాయి. దీన్ని చాలా తేలిగ్గా, సుమారు 20 గ్రాముల బరువంత ఒత్తిడితో, చిగురుకూ పంటికీ మధ్య దించుతారు. ఆరోగ్యమైన చోట 1 నుంచి 3 మిల్లీమీటర్లు దిగి ఆగుతుంది. నల్లపట్టీ చిగురులోకి మునగడం మొదలుపెడితే సంచి ఉన్నట్టు, పూర్తిగా మునిగిపోతే లోతైన సంచి ఉన్నట్టు. పూర్తి పరీక్షలో పంటికి ఆరుచోట్ల కొలుస్తారు. ప్రోబ్ బయటికి తీసిన కొన్ని క్షణాలకు చిగురు అంచున రక్తపు చుక్క ఊరితే దాన్నీ నమోదు చేస్తారు. ఆ చుక్కను చేతి అద్దంలో రోగికే చూపించడం, వంద మాటలకంటే త్వరగా విషయం అర్థమయ్యేలా చేస్తుంది. ఎముక ఎంత పోయిందో ఎక్స్‌రే చెబుతుంది.

ఉల్టా దిక్కులో, దంత వైద్యశాల మధుమేహాన్ని మొదటిసారి పట్టుకునే చోటు కూడా కాగలదు. పాచి అంతగా లేకున్నా చిగుళ్లలో పదేపదే చీముగడ్డలు రావడం, వయసుకు మించి ఎముక పోవడం, ఎండిన నోరు, నాలుక మీద తెల్లటి శిలీంధ్ర పొర కనిపిస్తే షుగర్ పరీక్షకు పంపడం పద్ధతి. ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం భారతదేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు, ముందు దశలో ఉన్నవారు 13.6 కోట్లు. వీరిలో తమకు జబ్బున్న సంగతే తెలియనివారు చాలామంది. ఒక జాగ్రత్త చెప్పాలి: షుగర్ రోగుల్లో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. బీపీకి వాడే నిఫెడిపిన్, అమ్లోడిపిన్ వంటి మాత్రలు కొందరిలో చిగురు పెరిగేలా చేస్తాయి. ఆ వాపును షుగర్ ఖాతాలో వేయకుండా మందుల జాబితా అడగాలి. రోగి సొంతంగా మాత్ర ఆపకూడదు, రాసిన వైద్యుడితో మాట్లాడాలి.

చికిత్స, ఫలితంపై వాదం

చికిత్సలో మొదటిది పాచి, గార తీయడం, అంటే స్కేలింగ్. లోతైన సంచుల్లో పంటివేరును కూడా శుభ్రం చేస్తారు. అప్పటికీ తగ్గని చోట చిగురు తెరిచి చేసే ఫ్లాప్ శస్త్రచికిత్స. మధుమేహం ఉన్నవారికి ఉదయం టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని రమ్మని సమయం ఇస్తారు. ఖాళీ కడుపుతో వస్తే కుర్చీలోనే షుగర్ పడిపోయే అపాయం ఉంది. తరవాత మూడు నెలలకోసారి మళ్లీ చూపించుకోవాలి. ఈ మూడు నెలల గడువు హెచ్‌బీఏ1సీ పరీక్ష గడువుతో సరిపోతుంది. రెండింటినీ ఒకే రోజుకు కలపడం రోగికి సులువు.

ఈ చికిత్సతో షుగర్ దిగుతుందా అన్నదానిపై కొంతకాలం వాదం నడిచింది. 2013లో అమెరికాలో 514 మందితో జరిగిన పెద్ద ప్రయోగంలో హెచ్‌బీఏ1సీ తగ్గలేదు. చికిత్స తరవాత కూడా వారి నోట్లో పాచి, వాపు చాలా మిగిలిపోయాయని, కాబట్టి అది చికిత్సకు సరైన పరీక్ష కాదని విమర్శకులు వాదించారు. 2018లో లండన్‌లో 264 మందితో జరిగిన ప్రయోగంలో ముమ్మర చికిత్స పొందినవారి హెచ్‌బీఏ1సీ ఏడాది చివర 0.6 శాతం తక్కువగా ఉంది. కొక్రేన్ సంస్థ 2022 సమీక్షలో సగటు తగ్గుదల మూడు నాలుగు నెలలకు 0.43, ఆరు నెలలకు 0.30, ఏడాదికి 0.50 శాతం. ఇవి శాతం పాయింట్లు, అంటే 8.5 ఉన్నది సుమారు 8 అవుతుంది. షుగర్ మందులకు రెండో మాత్ర చేర్చినప్పుడు వచ్చే మేలులో ఇది కొంత భాగానికి సమానం. మందులకు బదులు కాదు, వాటికి తోడు. చిగుళ్ల వైద్యంతో షుగర్ నయమైపోతుందని ఎవరైనా ప్రకటిస్తే అది అబద్ధం. పరిశీలన అధ్యయనాల్లో పొగ, పేదరికం, ఊబకాయం వంటివి రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలు కాబట్టి, సంబంధం పరిమాణాన్ని అంచనా వేయడంలో ఆ మేరకు జాగ్రత్త అవసరం.

వ్యవస్థ, మార్గదర్శకాలు

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2009లో నోటి ఆరోగ్యంపై మార్గదర్శకాలు వెలువరించింది. రోజూ సరిగ్గా తోముకుంటున్నారా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా అని ఏడాదికోసారైనా షుగర్ రోగిని అడగాలన్నది వాటి సారాంశం. 2018లో యూరప్ చిగుళ్ల వైద్య సమాఖ్యతో కలిసి వైద్యులకు, దంతవైద్యులకు, రోగులకు వేరువేరుగా సూచనలు ఇచ్చింది.

భారతదేశంలో 30 ఏళ్లు దాటినవారికి అసంక్రమిత వ్యాధుల పరీక్షా కార్యక్రమం ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపుతుంది. బీపీ, షుగర్, నోటి కేన్సర్ అందులో భాగం. నోటి గురించి అడిగే ప్రశ్నలు ప్రధానంగా మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, నోరు తెరవలేకపోవడం చుట్టూ ఉంటాయి. అంటే షుగరూ నోరూ ఒకే కాగితం మీదికి ఇప్పటికే వచ్చాయి. చిగుళ్ల రక్తం, కదిలే పళ్లు అనే రెండు గీతలు ఆ కాగితానికి చేరిస్తే కొత్త కార్యక్రమం అవసరం ఉండదు. 2014–15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం జిల్లా స్థాయి దాకా దంతవైద్య సేవలను పెంచాలని ఉద్దేశించింది. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. షుగర్ మాత్రలకు నెలనెలా వచ్చే రోగి ముందుగా కలిసేది అక్కడి వైద్యుణ్నే. దంత ఆసుపత్రికి పంపే చీటీ అక్కడే మొదలవ్వాలి.

బేగంబజార్ విషయంలో పనికొచ్చే పద్ధతులు చిన్నవి. షుగర్ ఓపీలో కాలు, కన్ను పరీక్ష రాసే పుస్తకంలో చిగుళ్లకు ఒక వరస పెట్టడం, దంత ఆసుపత్రి చీటీ మీద చివరి హెచ్‌బీఏ1సీ అంకెకు, తేదీకి చోటివ్వడం, తెలుగు, ఉర్దూ, హిందీల్లో పెద్ద అక్షరాల బొమ్మ బోర్డు పెట్టడం, వర్తక సంఘాల చొరవతో సెలవు రోజున కొట్ల సిబ్బందికి రెండు పరీక్షలూ ఒకేచోట చేయించడం అలాంటివి. మందుల షాపులో షుగర్ మాత్రలు ఇచ్చే మనిషి ‘చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా?’ అని అడిగినా ఒక ద్వారం తెరిచినట్టే.

ప్రత్యేక వర్గాలు

గర్భిణుల్లో హార్మోన్ల మార్పుతో చిగుళ్లు సులువుగా వాస్తాయి. గర్భధారణలో వచ్చే షుగరుతో ఇది కలిస్తే రెంటినీ గమనించాలి. గార తీయించుకోవడం గర్భిణికి సురక్షితమే, సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనువైన కాలం. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల్లో చిగుళ్ల వాపు ముందుగానే కనిపించవచ్చు. వారికి తోమడం నేర్పే బాధ్యత ఇన్సులిన్ నేర్పే వైద్యుడికీ, తల్లిదండ్రులకూ ఉంది. రంజాన్ ఉపవాసాలు పాటించే షుగర్ రోగులు నెల మొదలుకాకముందే వైద్యుణ్ని కలిసి మందుల వేళలు మార్చుకుంటారు. చిగుళ్లు చూపించుకోవడానికి కూడా అదే తగిన సమయం. ఇఫ్తార్ తరవాత, సహరీ తరవాత తోముకునే అలవాటు పగలంతా నోరు ఎండి ఉండే ఆ నెలలో ముఖ్యం. కట్టుడు పళ్లు పెట్టుకునే వృద్ధులు రాత్రి వాటిని తీసి కడిగి నీళ్లలో ఉంచాలి. షుగర్ ఉన్నవారిలో పళ్లసెట్టు కింద శిలీంధ్రం సులువుగా పెరుగుతుంది. చిగుళ్లకు వైద్యం పళ్లు ఉన్నవారికేనని, పళ్లన్నీ పోయినవారికి దంతవైద్యుడితో పనిలేదని అనుకోవడం కూడా పొరపాటే. వారి నోటిని ఏడాదికోసారి చూడాలి.